గెడ్డ (చిన్న ఏరు) పక్కన స్థలం కొంటున్నారా? వరద హద్దు, అనుమతుల పని ఏ వరసలో చేసుకోవాలి

"నాగావళికి దగ్గర్లో ఐదు సెంట్లు వస్తోంది, తీసుకోవచ్చా?" "చెరువు వెనకాల ఎకరం ఉంది, మిల్లు పెడదామనుకుంటున్నాం, ముందు ఏ ఆఫీసుకి వెళ్లాలి?" ప్లాన్లు గీసి, ఫైళ్లు కట్టి పెట్టడం నా పని కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు ఏడాది పొడవునా వస్తాయి, ఆగస్టు నుంచి నవంబరు దాకా అయితే మరీ ఎక్కువ. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో "వరద పర్మిషన్" అని ఒకే కాగితం ఏ ఆఫీసులోనూ ఇవ్వరు. వరద మైదానాలను విభజించుకోమని కేంద్ర జల సంఘం 1975లోనే ఒక నమూనా బిల్లు రాష్ట్రాలకి పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ లాంటి కొన్ని మాత్రం చట్టం చేసుకున్నాయి, మనం చేసుకోలేదు. అందుకని మన దగ్గర నీటి హద్దు జలవనరుల శాఖ చెబుతుంది (అందరం ఇరిగేషన్ అనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను), భూమి ఎవరిదో రెవెన్యూ చెబుతుంది, కట్టుకోవచ్చో లేదో ప్లానింగ్ వాళ్లు చెబుతారు, పొగ, మురుగు సంగతి కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) చూస్తుంది. ఒకరిచ్చిన కాగితం ఇంకొకరు అడుగుతారు. వరస తప్పారంటే తిరిగిన మెట్లే మళ్లీ ఎక్కాలి.

1. మీది ఏ కేసో ముందు తేల్చుకోండి

సొంత ఇల్లయితే ఇరిగేషన్ హద్దు, ప్లాన్ అప్రూవల్ చాలు, పీసీబీ జోలికి వెళ్లక్కర్లేదు. మిల్లు, జీడిపప్పు యూనిట్, ఇటుకల బట్టీ, సర్వీస్ స్టేషన్ లాంటివైతే వీటికి పీసీబీ కూడా కలుస్తుంది. లేఅవుట్ అయితే మీరున్న ప్రాంతాన్ని బట్టి పట్టణాభివృద్ధి సంస్థ, ఇంకా 2017 లేఅవుట్ నిబంధనలు చూడాలి. 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించి నిర్మాణం వేస్తే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తప్పనిసరి, దానికి కన్సల్టెంటు లేకుండా పని జరగదు, ఆ సంగతి ఇక్కడ రాయను. సముద్రానికి దగ్గరైతే వీటన్నిటితో పాటు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ), దానికి 6వ భాగం చూడండి.

2. కాగితం కంటే ముందు నీళ్లను చూడండి

స్థలం ఏప్రిల్‌లో చూపిస్తారు. ఏప్రిల్‌లో ఏ స్థలమైనా బాగానే కనిపిస్తుంది. మీరు మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లండి. అప్పటిదాకా ఆగలేకపోతే కనీసం చుట్టుపక్కల వయసుమళ్లిన వాళ్లను అడగండి. అడిగేటప్పుడు "ఇక్కడికి నీళ్లొస్తాయా తాతా" అంటే "ఎప్పుడైనా వస్తాయి బాబూ" అని వదిలేస్తారు. తుపాను పేరు పెట్టి అడగండి: 2014 హుద్‌హుద్‌కి ఎక్కడిదాకా వచ్చింది, 2018 తిత్లీకి ఎక్కడిదాకా, 2021 గులాబ్‌కి ఎన్ని రోజులు నిలబడింది. అప్పుడు "అదిగో ఆ అరుగు మునిగింది" అని చేత్తో చూపిస్తారు. ఆ అరుగు దగ్గర ఫొటో తీసుకోండి, నేల నుంచి ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టి వచ్చేవే. శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా పైన రాయగడ వైపు కుండపోత పడితే, తోటపల్లి దగ్గరా గొట్టా దగ్గరా గేట్లెత్తితే, కింద ఊళ్లకి నీరొస్తుంది. కాబట్టి "మా ఊళ్లో అంత వాన పడదండీ" అన్న మాటకి విలువ లేదు.

అక్కడే ఉన్నప్పుడు ఇవి కూడా చూసుకోండి:

- స్థలానికి ఎగువన చెరువుందా? ఉంటే దాని అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లే చోటు) నీళ్లు ఎటు పోతాయి?
- రోడ్డు కింద తూము గానీ కల్వర్టు గానీ ఉందా? ఉంటే దాని నోరు మీ స్థలం వైపు తిరిగి ఉందా? నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం ఇదే.
- పక్క గోడల మీద పాత నీటి చార ఉందా?
- రెల్లు, తుంగ మొలిచి ఉన్నాయా? ఉంటే అక్కడ ఏడాదిలో చాలా నెలలు నేల తడిగా ఉంటుందని.
- కరెంటు స్తంభాల మొదళ్లు కోసుకుపోయి ఉన్నాయా?

ఫోన్‌లో గూగుల్ ఎర్త్ పాత చిత్రాలు కూడా తిప్పి చూడండి. వానాకాలం చిత్రం ఒక్కటి దొరికినా గెడ్డ పాత దారి తెలిసిపోతుంది.

3. రికార్డు: అడంగల్ ఒక్కటే చూసి ఆగకండి

ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో 1బీ (యజమాని ఖాతా), అడంగల్ (సాగు రికార్డు) చూసి "పట్టా భూమే" అని ధీమాగా ఉండిపోతారు. అవి ఇప్పటి పేరు చెబుతాయి. ఆ భూమి మొదట్లో ఏమిటన్నది పాత సెటిల్‌మెంటు రికార్డులో ఉంటుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఊళ్లు ఒకప్పుడు జమీందారీ ఎస్టేట్లు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత వాటికి సెటిల్‌మెంటు జరిగింది. అందుకే ఆ ఊళ్లకి ఆర్‌ఎస్‌ఆర్ (రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు) బదులు ఎస్‌ఎఫ్‌ఏ, అంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అడగాలి. తహసీల్దార్ ఆఫీసులో "ఆర్‌ఎస్‌ఆర్ లేదండీ" అన్నారని తిరిగొచ్చేసిన వాళ్లున్నారు, అక్కడే నిలబడి ఎస్‌ఎఫ్‌ఏ అడిగి ఉంటే సరిపోయేది.

అందులో మీ సర్వే నంబరు ఎదురుగా చెరువు గర్భం, వాగు పోరంబోకు, గెడ్డ, నది పోరంబోకు, గయాలు అని ఉంటే అక్కడితో ఆపేయండి. మధ్యలో ఎంతమంది చేతులు మారినా, ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగినా, అది ప్రభుత్వ నేలే అంటారు. బీల, తంపర అనే మాటలు మీ ఊరి వాళ్ల నోట వినిపిస్తే ఇంకా జాగ్రత్త. అవి నీళ్లు నిలిచే పల్లపు నేలలు, రికార్డులో బంజరు అని ఉన్నా సరే.

తెచ్చుకోవాల్సినవి:

- ఎస్‌ఎఫ్‌ఏ లేదా ఆర్‌ఎస్‌ఆర్ నకలు
- ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ పటం
- రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు, దానికి సరిపోలే పాత సర్వే నంబరు, రెండూ
- 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో
- ఈసీ (పాత లావాదేవీల, తాకట్ల ధ్రువపత్రం), కనీసం 30 ఏళ్లకి

గ్రామ పటంలో గెడ్డ గీత మీ నంబరు మీదుగా పోతూ, నేల మీద గెడ్డ కనపడకపోతే సంతోషపడకండి. ఎవరో పూడ్చారన్నమాట. నీళ్లకి పటం గుర్తుంటుంది.

4. ఎంత దూరం వదలాలి

2017 ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల ప్రకారం నది, వాగు గర్భంలో, చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) లోపల ఏదీ కట్టకూడదు. ఆ హద్దు దాటాక కూడా ఇంత వదలాలి:

- నది హద్దు నుంచి: పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు
- 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువు ఎఫ్‌టీఎల్ నుంచి: 30 మీటర్లు
- అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే: 9 మీటర్లు
- కాలువ, వాగు: 9 మీటర్లు
- చిన్న నాలా: 2 మీటర్లు

10 హెక్టార్లంటే దాదాపు పాతిక ఎకరాలు. చెరువు విస్తీర్ణం అంటే ఇప్పుడు నీళ్లున్నంత మేర కాదు, రికార్డులో ఉన్నంత.

చివరి రెండింటి దగ్గరే మోసం జరుగుతుంది. మనం గెడ్డ అనేదాన్ని అమ్మేవాడు నాలా అంటాడు, ఎందుకంటే 9 మీటర్లు కాస్తా 2 మీటర్లవుతుంది. అది వాగో నాలానో తేల్చాల్సింది బ్రోకరూ కాదు, నేనూ కాదు. ఇరిగేషన్ వాళ్ల చేత రాతలో తెప్పించుకోండి. నిబంధనలకి సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున సచివాలయం ప్లానింగ్ సెక్రటరీని ఒక్కసారి అడిగి ఈ అంకెలు సరిచూసుకోండి.

5. ఇరిగేషన్ హద్దు: అసలు పనంతా ఇక్కడే

ప్లాన్ గీయించకముందే ఈ పని చెయ్యండి. ముందు ప్లాన్ గీయించి, ఫీజు కట్టి, ఆ తర్వాత ఇరిగేషన్ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కోసం పరిగెత్తితే, హద్దు మారిన ప్రతిసారీ ప్లాన్ మారుతుంది, డబ్బులు మళ్లీ కట్టాలి.

ఎఫ్‌టీఎల్ అంటే చాలామంది ఒక గీత అనుకుంటారు. అది మట్టం. చెరువు నిండి అలుగు మీంచి నీళ్లు దాటబోయే ఎత్తు ఎంతో, అదే ఎత్తులో చుట్టూ నేలని తాకే చోటల్లా ఎఫ్‌టీఎల్ హద్దు. కాబట్టి దాన్ని టేపుతో కొలవలేం, లెవెల్ యంత్రం పెట్టి అలుగు మట్టం నుంచి తీసుకురావాలి. పల్లపు నేలలో తేడా ఎంతుంటుందో చూడండి: నేల వాలు 100 మీటర్లకి ఒక మీటరు అనుకుంటే, మట్టం అర మీటరు పెరిగితే నీళ్లు 50 మీటర్లు ముందుకొస్తాయి.

ఒకాయన స్థలం కొనేశాక నా దగ్గరికొచ్చాడు. మే నెలలో నీటి అంచు నుంచి టేపు పట్టి నలభై మీటర్లు చూపించి అమ్మారట. అలుగు నుంచి లెవెల్ తెస్తే స్థలంలో సగం చెరువులోనే తేలింది. రిజిస్ట్రేషన్ మాత్రం లక్షణంగా అయిపోయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు నీటి మట్టాలు చూడదు కదా.

పని వరస ఇలా:

మొదట ఆ చెరువు గానీ గెడ్డ గానీ ఎవరి పరిధిలో ఉందో కనుక్కోండి. లస్కరుని (నీళ్లు వదిలే ఉద్యోగి) గానీ వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని గానీ అడిగితే ఏ సెక్షను, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎవరు అన్నది చెబుతారు. దరఖాస్తు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పేరున రాయండి, నకలు డీఈకీ (డిప్యూటీ ఇంజినీరు) ఏఈకీ ఇవ్వండి. అందులో "ఎన్‌వోసీ ఇవ్వగలరు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. "ఫలానా సర్వే నంబరుకి ఆనుకుని ఉన్న ఫలానా చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు, అలుగు మట్టం, మా స్థలం హద్దు నుంచి దూరం ధ్రువీకరించగలరు, స్కెచ్ ఇవ్వగలరు" అని రాయండి. అడిగిందానికే జవాబొస్తుంది.

తర్వాత జాయింట్ తనిఖీ. ఇరిగేషన్ ఏఈ, మండల సర్వేయర్ ఇద్దరూ ఒకే రోజు రావాలి. ఇది కుదర్చడమే అసలు టెన్షన్. ఒకరు వచ్చి వెళ్లాక ఇంకొకరు వేరే రోజు వస్తే రెండు స్కెచ్‌లు రెండు రకాలుగా వస్తాయి, ఆ తర్వాత ఏది నిజమో ఎవరూ చెప్పరు. ఇద్దరి ఫోన్లూ తీసుకుని, తేదీ కలిపి, మీరు కూడా అక్కడే ఉండండి. పక్క రైతుల్ని కూడా పిలవండి, రేపు అభ్యంతరం పెట్టేది వాళ్లే.

హద్దు తేలాక రాళ్లు వేయించి, ఫొటోలు తీయండి. స్కెచ్ మీద ఇద్దరి సంతకాలూ, తేదీ, కొలతలు మొదలైన స్థిర బిందువు ఉన్నాయో లేదో చూడండి. స్థిర బిందువు లేని స్కెచ్ రేపు ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

నదికి అయితే ఎఫ్‌టీఎల్ బదులు గరిష్ఠ వరద మట్టం అడగాలి. కరకట్ట ఉంది కదా అని ఆగిపోవద్దు, కట్టకి ఇవతల ఉన్నా పైన చెప్పిన దూరం వర్తిస్తుందో లేదో రాతలో తీసుకోండి.

దరఖాస్తుతో జతచేయాల్సినవి: దస్తావేజు నకలు, ఎఫ్‌ఎంబీ, గ్రామ పటంలో స్థలం ఎర్ర గీతతో, జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు, ఏం కట్టబోతున్నారో ఒక పేరా, మీ ఫోన్ నంబరు. ఇచ్చాక ఇన్‌వార్డ్ నంబరు అడిగి తీసుకోండి. అది లేకపోతే మీరు దరఖాస్తు పెట్టనట్టే లెక్క.

6. సముద్రానికి దగ్గరైతే

కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ, భోగాపురం వైపు స్థలాలకి ఇది. తీర ప్రాంత నియంత్రణ అలల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా ఉంటుంది. నదీ ముఖాల్లో, ఉప్పునీరు పోటెత్తే క్రీకుల పక్కన కూడా ఉంటుందని చాలామందికి తెలియదు.

2011 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లు కట్టడాలు నిషేధం. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటిన గ్రామీణ ప్రాంతాలకి దాన్ని 50 మీటర్లకి తగ్గించింది. బ్రోకర్లు ఆ 50నే పట్టుకుని తిరుగుతుంటారు. కానీ 2019ది అమలు కావాలంటే దాని ప్రకారం తయారైన తీర నిర్వహణ పటం ఆమోదం పొందాలి, మీ ఊరు ఆ జనసాంద్రతలోకి రావాలి. రెండూ రాతలో చూపించేదాకా 200 మీటర్లే లెక్కేసుకోండి. ఆ పటం మీద మీ సర్వే నంబరు గుర్తించి ఇవ్వమని అడగండి, నోటిమాట వద్దు.

రొయ్యల చెరువులకి వేరే దారి ఉంది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ లేకుండా తవ్వకాలు మొదలుపెట్టొద్దు.

7. మిల్లు, షెడ్డు, యూనిట్: పీసీబీ

రెండు మెట్లు. కట్టకముందు సీఎఫ్‌ఈ, అంటే స్థాపనకి సమ్మతి. కట్టాక, నడపకముందు సీఎఫ్‌వో, అంటే నడపడానికి సమ్మతి. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద ఇస్తారు. ముందు షెడ్డు లేపేసి తర్వాత సీఎఫ్‌ఈ అడిగే వాళ్లే మన దగ్గర ఎక్కువ, అక్కడే ఫైలు ఇరుక్కుంటుంది.

మీ యూనిట్ ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపుల్లో దేంట్లోకి వస్తుందో పీసీబీ జాబితాలో చూడండి. తెలుపుకి పెద్దగా పని లేదు. ఎరుపైతే తనిఖీలు గట్టిగా ఉంటాయి. ఒకే రకం పరిశ్రమ కూడా పద్ధతిని బట్టి రంగు మారుతుంది, ధాన్యం ఉడకబెట్టే మిల్లుకీ పచ్చి బియ్యం ఆడే మిల్లుకీ లెక్క వేరు. ఉడకబెట్టిన నీళ్లు ఎక్కడికి వదులుతారన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. "పక్క గెడ్డలోకి" అని రాసిన దరఖాస్తు నేను కళ్లారా చూశాను!

సిద్ధం చేసుకోవాల్సినవి:

- స్కేలుతో సైట్ ప్లాన్, చుట్టూ ఉన్న ఇళ్లు, బడి, చెరువు, గెడ్డలకి దూరాలతో
- 5వ భాగంలో తెచ్చుకున్న ఇరిగేషన్ స్కెచ్
- పెట్టుబడికి సీఏ సర్టిఫికెట్ (ఫీజు దాని మీదే)
- తయారీ విధానం, రోజుకి ఎన్ని టన్నులు
- నీళ్లు ఎక్కడివి, ఎన్ని, మురుగు, బూడిద, ఊక ఎక్కడికి

దరఖాస్తు సింగిల్ డెస్క్ ద్వారా ఆన్‌లైన్‌లోనే. టన్నులు తక్కువ రాసి రంగు మార్చుకుందామని చూడొద్దు. కరెంటు లోడు చూస్తే యంత్రం ఎంతదో తెలిసిపోతుంది.

8. నేల ఎత్తు పెంచడం

పల్లం కదా అని ఐదారు అడుగులు గ్రావెల్ తోలేస్తారు. నీళ్లు మాయం కావు, పక్కవాడి చేలోకి పోతాయి, ఆయన మీ మీద కేసు పెడతాడు. ఎత్తు పెంచే ముందు నీళ్లు పోయే దారి వదలండి, పాత తూము నోరు మూయకండి. ప్లింతు (ఇంటి అడుగు మట్టం) మాత్రం మీరు 2వ భాగంలో కొలిచిన నీటి చార కంటే రెండడుగులైనా పైకి పెట్టుకోండి, ఇది నా లెక్క. మీటరు, స్విచ్చులు, బోరు స్టార్టరు ఆ చారకి పైనే ఉండాలి. సెప్టిక్ ట్యాంకు మూత కూడా. దీని గురించి మర్చిపోయినవాళ్లకి వరద వచ్చిన రోజు గుర్తొస్తుంది.

తోలే మట్టి చెరువులోంచి తెచ్చిందైతే దానికి పర్మిషన్ కాగితం లారీవాడి దగ్గర అడిగి నకలు ఉంచుకోండి.

9. ఫైలు కదలకపోతే, కాదంటే

కొర్రీ (అభ్యంతరం) వేస్తే అది రాతలో తీసుకోండి. నోటితో చెప్పిన కొర్రీకి జవాబివ్వడం మొదలుపెడితే వారానికొకటి పుడుతుంది.

నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద నాలుగు ముక్కలు అడగండి: నా దరఖాస్తు ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఏ తేదీన వచ్చింది, దాని మీద రాసిన నోట్ నకలు, తనిఖీ నివేదిక నకలు. 30 రోజుల్లో ఇవ్వాలి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. దాంతో పాటు సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇన్‌వార్డ్ నంబరుతో సహా ఇవ్వండి.

పీసీబీ కాదంటే ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. కవరు అందిన తేదీ దాచుకోండి.

10. పక్కవాడు గెడ్డ పూడ్చేస్తుంటే, ఊరికి పెద్ద ఫ్యాక్టరీ వస్తుంటే

పూడ్చడం కనిపించిన రోజే తేదీ కనపడేలా ఫొటోలు తీయండి, గ్రామ పటం నకలుతో తహసీల్దార్‌కీ ఇరిగేషన్ ఈఈకీ ఒకేసారి ఇవ్వండి. 1905 ఆక్రమణల చట్టం, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పేర్లు ఫిర్యాదులో రాయండి. "మాకు ఇబ్బందిగా ఉంది" అని కాకుండా ఏ నంబరులో, ఎన్ని మీటర్లు, ఏ తేదీ నుంచి అన్నది రాస్తే పట్టించుకోక తప్పదు. ఇక్కడ తేలకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచి ఉంది. విషయం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి, అందుకే మొదటి ఫొటో తేదీ ముఖ్యం.

ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో చూడొచ్చు, సంక్షిప్త నివేదిక తెలుగులో ఉండాలి. అందులో మొదట భూమి స్వభావం పేజీ తీయండి. బంజరు అని రాసిన చోట నీళ్లు నిలుస్తాయా, వలస పక్షులొస్తాయా, పశువులు మేస్తాయా చూడండి. సోంపేట బీల నేలల్లో థర్మల్ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని 2010 జులైలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది, అక్కడ గొడవంతా బంజరా, నీటి నేలా అన్న దాని మీదే నడిచింది.

మైకు దొరకలేదని వెనక్కి రాకండి. అభ్యంతరం రెండు ప్రతులు రాసుకుని వెళ్లండి, ఒకటి ఇచ్చి రెండో దాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. తర్వాత మినిట్స్ నకలు తీసుకుని మీ అభ్యంతరం అందులో ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే ఆ సంతకం ఉన్న ప్రతి జతచేసి వారంలోపు కలెక్టర్‌కీ పీసీబీకీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు ఫైల్లో పెట్టుకోండి.